బుప్ఫా పిన్ని పళ్లెం

సరిగ్గా కూతురు సాయ్‌ఫిన్ వంతు వచ్చేసరికి ప్రనోమ్ తెడ్డు అడ్డం పెట్టింది.

బాణలిలో కొబ్బరిపాలూ తాటిబెల్లమూ కలిసి కుతకుత ఉడుకుతున్నాయి. పాకం ముదిరింది, నీళ్లగిన్నెలో చుక్క వేస్తే వేళ్ల మధ్య ఉండ కడుతోంది. మా వీధిలో పోయినవాళ్లకి పెట్టే సార్త్ పండక్కి మిఠాయి ఇలాగే చేస్తాం. పదో నెల అమావాస్య ఇంకా రెండు రోజులుందనగా ప్రనోమ్ పెరట్లో పొయ్యి వెలుగుతుంది. ఒకటే బాణలి, చుట్టూ నలుగురు ఆడవాళ్లు, పడవ తెడ్లంత తెడ్లు. ఎవరింటి గిన్నె వాళ్లు తెచ్చుకుంటారు. ఒకరు పేలాలు తెస్తే ఒకరు పచ్చి వడ్ల అటుకులు, ఇంకొకరు నువ్వులు, పల్లీలు మాత్రం అందరూ. ఇంట్లో పోయినవాళ్ల పేరు పైకి చెప్పి గిన్నె వంపాలి. పేరు చెప్పకపోతే అది వట్టి తిండే. ఆ రోజు పోయినవాళ్లంతా గుడికొచ్చి, చాపల మీద తమ వాళ్లు పెట్టిన పళ్లెం వెతుక్కుంటారని మా నమ్మకం. పళ్లెం కనపడనివాళ్లు ఆకలితోనే తిరిగిపోతారు.

సాయ్‌ఫిన్ గిన్నెలో జీడిపప్పూ, సన్నగా తరిగిన ఎండు అరటిపండు ముక్కలూ ఉన్నాయి.

"మా బుప్ఫా పిన్నికి," అంది.

"ఎవరికీ?" అంది ప్రనోమ్, వినపడనట్టు.

"పిన్నికమ్మా. వేసవిలో పోయిందిగా. ఇదే మొదటి సార్త్."

"ఆ పేరు నా బాణలిలో పడదు."

తెడ్లు ఆగాయి. బుప్ఫా అంటే సాయ్‌ఫిన్ తండ్రి రెండో పెళ్లాం. కాలవ అవతల అరటితోటలో పాకలో ఉండేది. పిల్లల్లేరు, ముందూ వెనకా ఎవరూ లేరు. ఆయన పోయాక కూడా అక్కడే ఉండి, అరటిపళ్లు ఎండబెట్టుకుని అమ్ముకుని బతికింది. జ్వరమొచ్చి పోతే మోసినవాళ్లు కూడా పక్క ఊరివాళ్లే.

"పోనీలేవే ప్రనోమ్," అంది పక్కింటి వియెంగ్. "పోయినదాని మీద ఇంకా ఏంటి?"

"నువ్వు తిప్పు. అడుగంటుతోంది."

వియెంగ్ తిప్పింది. ప్రనోమ్ బాణలి ముందు నిలబడి ప్రనోమ్‌ని కాదనే మనిషి మా వీధిలో పుట్టలేదు. అందరూ సాయ్‌ఫిన్‌ని చూడకుండా పాకం వంక చూశారు. గిన్నె పట్టుకుని ఆ పిల్ల, పిల్లేమిటి, నలభై దగ్గర పడుతున్న ఆడది, ముఖం కందగడ్డలా చేసుకుని అలా నిలబడి ఉండిపోయింది.

"బతికున్నప్పుడు ఏటా పంపావు కదే అమ్మా! నా చేతే పంపావు. చచ్చిపోయాక పెట్టడానికి చెయ్యి రాలేదా?"

"రాలేదు," అంది ప్రనోమ్. "ఎండ ఎక్కుతోంది. తర్వాత ఎవరు? పల్లీలు వంపండి."

సాయ్‌ఫిన్ గిన్నె చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. వియెంగ్ తెడ్డు ఇంకొకరి చేతిలో పెట్టి ఆమె వెనకాలే కంచెదాకా పరిగెత్తింది.

"ఒసేయ్, మీ అమ్మని ఏమీ అనకు. ఏ ఊళ్లో అయినా సవతికి సార్త్ మిఠాయి పంపిన మనిషిని చూపించు. ఆకులో చుట్టి, దారం కట్టి, ఏటా! మా అత్తగారు నాకు చెప్పేది, మనసంటే ప్రనోమ్‌దే, నేర్చుకో అని. ఎక్కడో ఆవిడకీ కష్టం ఉండదా?"

"కష్టం ఉంటే బతికున్నదాని మీద చూపించుకోవాలి అత్తా. చచ్చినదాని కడుపు మీద కాదు."

"ఇప్పుడేం చేస్తావ్?"

"నేనే చేస్తాను."

"బాణలి ఏదీ? తిప్పేవాళ్లేరీ?"

సాయ్‌ఫిన్ గిన్నె సర్దుకుని నడిచింది. అంత బాణలి తిప్పడం ఒక్క మనిషి వల్ల కాదు. ఆ పేరు చెప్పి తెడ్డు పట్టమంటే, ప్రనోమ్‌కి ఎదురెళ్లి వచ్చేవాళ్లూ లేరు.

సాయ్‌ఫిన్‌కి ఇంటి వెనక రేకుల వంటింటిలో ఓ చిన్న ఓవెన్ ఉంది. మొగుడి దగ్గర్నించి వచ్చేసిన ఏడాది కొనుక్కుంది. అందులో గింజల పట్టీలు చేసి పట్నంలో ఆసుపత్రి పక్క కొట్టుకి పంపుతుంది. కొట్టువాళ్లు వాటిని గ్రనోలా అంటారు. మా వీధివాళ్లు పిట్టల మేత అంటారు. వాటిల్లో వేసే అరటిపండు ఎండబెట్టడం ఆమెకి నేర్పింది బుప్ఫానే. ఊరంతా మొగుణ్ణి వదిలేసొచ్చిందని చెవులు కొరుక్కుంటుంటే, కన్నతల్లి రోజుకోసారి దెప్పుతుంటే, కాలవ దాటి వెళ్లి కూర్చోడానికి ఆ పాకే ఉండేది. ఆవిడ ఏమీ అడిగేది కాదు. వెదురు తడకమీద పళ్లు తిప్పమని చేతికిచ్చేది, అంతే.

'ఒక్క ట్రేకి ఒక్క మనిషి చాలు,' అనుకుంది సాయ్‌ఫిన్.

మధ్యాహ్నం పని మొదలుపెట్టింది. పచ్చి అటుకులు సన్నమంట మీద వేయించింది. జీడిపప్పు రెండుగా చీల్చింది. గుమ్మడి గింజలు, నువ్వులు విడివిడిగా వేయించింది, కలిపి వేయిస్తే నువ్వులు మాడి గింజలు పచ్చిగా ఉంటాయి. పల్లీలు మాత్రం గిన్నెడు తీసుకుంది. కొట్టుకి చేసేటప్పుడు అన్ని వెయ్యదు. ఇది సార్త్ కదా! పల్లీ లేని సార్త్ మిఠాయి అంటే ఉప్పు లేని కూర కన్నా హీనం. వేయించి, చేటలో పోసి నలిపి, పొట్టు ఊది, ఒక్కొక్క ముక్కా చూసుకుని నల్లబడ్డవి ఏరేసింది.

ఎండు మామిడి కత్తికి అంటుకుపోతుంది. కత్తికి కొబ్బరినూనె రాసుకుంటూ తరిగింది. లీచీల్లాంటి ఎండు లాంగన్ పళ్లు కత్తెరతో కత్తిరించింది. అరటిపండు ముక్కలు బుప్ఫా చేతివే, సీసాలో చివర మిగిలినవి. మూత తీయగానే పొగా తేనే కలిసిన వాసన వచ్చింది. సాయ్‌ఫిన్‌కి కళ్లు నిండాయి. తుడుచుకోడానికి చేతులు ఖాళీగా లేక భుజానికి తుడుచుకుంది.

మొదటి ట్రే పాడైంది. బెల్లం తక్కువ పోసి పాకం లేతగా దించింది, ఆసుపత్రి కొట్టు అలవాటు. చల్లారాక కొయ్యబోతే పొడి పొడిగా రాలిపోయింది. సరిగ్గా అప్పుడే వియెంగ్ కిటికీలో తల పెట్టింది.

"అయ్యో రాత! ఇది మీ పిన్నికా, కోళ్లకా?"

"కోళ్లకి. పిన్నికి ఇంకోటి చేస్తున్నా."

"తెడ్డు లేకుండా, నలుగురు చెయ్యి వెయ్యకుండా, కరెంటు పెట్టెలో కాల్చి పోయినవాళ్లకి పెడతావా? వాళ్లకి ఎలా చేరుతుందే?"

"కరెంటు బిల్లు కట్టాను కదత్తా, చేరుతుంది."

వియెంగ్ పకపకా నవ్వింది. నవ్వి, రాలిన పొడి గుప్పెడు నోట్లో పోసుకుంది. "బానే ఉందే! పల్లీ బాగా వేగింది," అని, ఇంకో గుప్పెడు తీసుకుని పోయింది. పోతూ పోతూ, "మీ అమ్మ పొద్దున్నించీ అన్నం ముట్టలేదు, తెలుసా?" అంది.

తెలుసు. తెలిసే ఊరుకుంది. ఎప్పుడూ ఇంతే, ప్రనోమ్ అలిగితే ఇల్లంతా వెళ్లి బతిమాలాలి. ఈసారి బతిమాలేది లేదని సాయ్‌ఫిన్ గట్టిగా అనుకుంది. అనుకున్నంత తేలిగ్గా మాత్రం లేదు, చెవులు మాటిమాటికీ తల్లి ఉండే ముందింటి వైపే పోతున్నాయి.

రెండో ట్రేకి మరునాడు మధ్యాహ్నం కూర్చుంది. ఈసారి పాకం వాళ్లమ్మ లాగే ఉండ కట్టేదాకా ఉంచి, చిటికెడు ఉప్పు వేసి దించింది. అటుకులూ గింజలూ పల్లీలూ కలిపి, అరటాకు పరిచిన ట్రేలో పోసి, పైన ఇంకో ఆకు వేసి సీసాతో దొర్లించి అణిచింది. పండు ముక్కలు ముందే కలిపితే ఓవెన్లో మాడి చేదెక్కుతాయి. అందుకని సగం కాలాక తీసి, పైన చల్లి, మళ్లీ అణిచి పెట్టింది. వేడి ఉండగానే గీతలు పెట్టి కోసింది. అంచులు తెగకుండా, ముక్కలు ఎక్కడికక్కడ కుదురుగా వచ్చాయి. ఒకటి వంచి చూసింది. ఒక్క క్షణం వంగి, ఆ తర్వాత పుటుక్కుమంది.

"పిన్నీ, కుదిరింది," అంది పైకే.

సాయంత్రం ప్రనోమ్ వెనక గుమ్మంలోంచి వచ్చింది. సాయ్‌ఫిన్ లోపలికి రమ్మనలేదు, కూర్చోమనలేదు. ఆవిడే వచ్చి ట్రే ముందు నిలబడింది. చాలాసేపు చూసింది. ఒక పట్టీ తీసి, దీపం వైపు తిప్పి, గోటితో గీరింది.

"అది దీన్ని తినదు," అంది.

సాయ్‌ఫిన్ చేతిలోని గుడ్డ విసిరికొట్టింది. "నీ బాణలిలో వెయ్యొద్దన్నావు, వెయ్యలేదు. నా ఇంట్లో నా పొయ్యి మీద చేసుకుంటే కూడా ఓర్చుకోలేవా? ఏం చేసింది నిన్ను? మొగుణ్ణి తీసుకుంది, ఒప్పుకుంటాను. దానికి ఆయన్నేమన్నావు? ఏమీ అనలేదు. వడ్డించి విసనకర్రతో విసిరావు. అంతా దాని మీదే!"

"అరవకు."

"అరుస్తాను. రేపు గుళ్లో కూడా అరుస్తాను."

"తినదు అన్నాను. తినకూడదు అనలేదు." ప్రనోమ్ పట్టీ కింద పెట్టింది. "దానికి పల్లీ పడదే."

సాయ్‌ఫిన్‌కి అర్థం కాలేదు.

"పడదు. తింటే పెదాలు వాచి, గొంతు పట్టేసి, ఊపిరి ఆడదు. మీ నాన్న దాన్ని తెచ్చిన కొత్తలో ఏదో పెళ్లిలో తిని పడిపోయింది. పక్కన నేనే ఉన్నాను. ఒళ్లో పడుకోబెట్టుకుని బండిలో ఆసుపత్రికి తీసుకుపోయింది నేనే. డాక్టరు చెప్పింది నాకే, జన్మలో పల్లీ ముట్టనివ్వొద్దని."

వంటింట్లో ఓవెన్ చల్లారుతూ టిక్కుటిక్కుమంటోంది. సాయ్‌ఫిన్ ముందు ఆసుపత్రి గురించే ఆలోచించింది. ఆ తర్వాత, ఆకు పొట్లాలు గుర్తొచ్చాయి.

"మరి ఏటా పంపావు కదా," అంది మెల్లగా.

"పంపాను."

"పల్లీలు వేసేగా..."

"మన ఇంటికి వేసినదానికంటే రెట్టింపు వేసి." ప్రనోమ్ ధర చెప్పినట్టు చెప్పింది. "సార్త్ మిఠాయి వద్దని ఎవరూ అనకూడదు. అంటే పోయినవాళ్లని కాదన్నట్టు. నువ్వు నలుగురూ చూస్తుండగా కాలవ దాటి నడిచెళ్లి ఇస్తావు, అది రెండు చేతులా పుచ్చుకుని కళ్లకద్దుకోవాలి. తినలేదు. పారెయ్యలేదు. నాకు అది చాలు అనిపించేది. దాన్ని చంపాలని కాదు. అది ముట్టదని తెలుసు. ముట్టలేనిది ఇవ్వాలనే ఇచ్చాను."

పిన్ని పొట్లం విప్పి సాయ్‌ఫిన్‌నే కూర్చోబెట్టి తినిపించేది. 'నేను తర్వాత తింటాలే, పెరిగే పిల్లవి, నువ్వు తిను' అనేది. తినిపించిన వేళ్లు బూడిద పెట్టి తోముకునేది, రెండుసార్లు, మూడుసార్లు. అదో శుభ్రం పిచ్చి అనుకుంది సాయ్‌ఫిన్ ఇన్నాళ్లూ.

"ఆవిడ నాకెప్పుడూ చెప్పలేదు," అంది.

"ఎవరికీ చెప్పలేదు. ఒక్క మాట చెప్పి ఉంటే ఈ వీధిలో నా ముఖం ఉండేదా? చెప్పలేదే, ఆ ముండ. అదే నన్ను తినేస్తోంది." ప్రనోమ్ ట్రేని దూరంగా తోసింది. "నిన్న నువ్వు ఆ పేరు చెప్పి గిన్నె పట్టుకునేసరికి, ఆ బాణలి నిండా పల్లీలే కనపడ్డాయి నాకు. పడనివ్వలేకపోయాను."

"అయితే ఆ మాట చెప్పొచ్చుగా!"

"అందరి ముందా?" అంది ప్రనోమ్. ఇంకేమీ అనకుండా వచ్చిన దారినే పోయింది.

సాయ్‌ఫిన్ స్టూలు మీద కూలబడింది. తల్లి మీద అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. జాలి కూడా వేసింది, జాలి వేసినందుకు తన మీద తనకే కోపమొచ్చింది. ట్రేలోంచి పల్లీలు ఏరుదామని ఒక పట్టీ విరిచింది. ఏరడానికి లేదు, పాకంలో అణగదొక్కింది తనే కదా. ఏరినా పొడి అంటుకునే ఉంటుంది. మొత్తం తీసి కోళ్ల తొట్టిలో పోసింది. ట్రే, కత్తి, సీసా, చేట అన్నీ బూడిదతో తోమింది. తోముతూ గట్టిగా ఏడ్చింది. జీడిపప్పు సరిపోదని సీసా వంపి చూసుకుని, మళ్లీ పొయ్యి వెలిగించింది.

అమావాస్య పొద్దున గుడి శాల కిటకిటలాడుతోంది. చాపల మీద వరసగా పళ్లేలు, ప్రతి పళ్లెంలో మిఠాయి ముక్కలూ పక్కన చిట్టి అరటిపళ్లూ. వరసలు సర్దేది ఫుయాంగ్ అవ్వ. ఆవిడ కర్రతో చూపించిన చోటే పళ్లెం పెట్టాలి. వరసలో ఉన్న పళ్లేలు మాత్రమే భిక్షువుల ముందుకి వెళతాయి. దిక్కులేని ప్రేతాల కోసమని ప్రహరీ గోడ బయట ఆకులు పరిచి ఇంత ఇంత పడేస్తారు. అది వేరే లెక్క.

సాయ్‌ఫిన్ పళ్లెం దగ్గర కర్ర ఆగింది.

"ఇదేంటే?"

"సార్త్ మిఠాయే అవ్వా. మా బుప్ఫా పిన్నికి."

అవ్వ వంగి, ఒక పట్టీ అంచు తుంచి నోట్లో వేసుకుంది. నాలుకతో అటూ ఇటూ తిప్పి చూసింది. "పల్లీ ఏదీ?"

"వెయ్యలేదవ్వా."

"మర్చిపోయావా?"

"లేదు."

"నిన్నగాక మొన్న గిన్నెడు వేయించింది, నేను తిన్నానుగా!" అంది వియెంగ్ వెనకనించి. చాడీ చెప్పాలని కాదు పాపం, ఆశ్చర్యంతో అనేసింది.

అంతే, గుసగుసలు మొదలయ్యాయి. సవతి తల్లికని మంచివి దాచుకుందిటమ్మా. కొట్టులో అమ్మే సరుకు తెచ్చి పెట్టింది. మొన్న వాళ్లమ్మ కాదన్నది ఇందుకేనేమో.

"పల్లీ లేనిది సార్త్ కాదు," అంది అవ్వ. "ఎందుకు వెయ్యలేదో చెప్పు, వింటాను. ఊరికే అనడానికి నాకేం పగ?"

సాయ్‌ఫిన్ నోరు తెరిచింది. ఆవిడకి పడదు అంటే చాలు. అనగానే మరుక్షణం, మరి మీ అమ్మ ఏటా పంపిందేమిటే అంటారు. ఆ ఒక్క ప్రశ్నతో ప్రనోమ్ కథ ముగుస్తుంది. చెప్పకపోతే పిన్ని పళ్లెం లేచిపోతుంది. అవతలి వరసలో, అన్నిటికంటే పెద్ద పళ్లెం ముందు తల్లి వీపు నిటారుగా కనిపిస్తోంది. ఆవిడ ఇటు తిరగలేదు.

సాయ్‌ఫిన్ నోరు మూసుకుంది. పిన్ని అన్నేళ్లు ఎందుకు మూసుకుందో తెలియదుగానీ, ఎంత బరువుగా ఉంటుందో మాత్రం తెలిసింది.

"చెప్పవు. సరే. గోడ బయట పెట్టి రా. పారెయ్యమనడం లేదు, అక్కడా తినేవాళ్లుంటారు," అంది అవ్వ.

దిక్కులేనివాళ్ల ఆకు మీద. సాయ్‌ఫిన్ పళ్లెం ఎత్తుకుంది.

"పెట్టవే కింద," అంది ప్రనోమ్.

లేచి నిలబడింది. అంత జనంలోనూ ఆవిడకి దారి దొరికింది, ఎప్పుడూ దొరుకుతుంది. వచ్చి, కూతురి చేతుల్లోంచి పళ్లెం తీసుకుని తనే చాప మీద పెట్టింది.

"బుప్ఫాకి పల్లీ పడదు. తింటే ప్రాణం పోతుంది. అందుకని వెయ్యలేదు."

"అదేంటీ? నువ్వు ఏటా..." అంది వియెంగ్. సగంలోనే ఆగింది.

"ఆఁ. ఏటా పంపాను. తెలిసే పంపాను. రెట్టింపు పల్లీలు వేసి పంపాను." ప్రనోమ్ ఎవరినీ తప్పించకుండా అందరి ముఖాలూ చూసింది. "మీరంతా పెద్దమనసు పెద్దమనసు అన్నారు. నేను వింటూ ఊరుకున్నాను. అది తినలేక, వద్దనలేక, కళ్లకద్దుకుంది. చచ్చేదాకా ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు నేను అన్నాను. ఇక మీ ఇష్టం."

వియెంగ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒకావిడ తన పళ్లెం ప్రనోమ్ పళ్లేనికి దూరంగా జరిపింది, అది అందరూ చూశారు, ప్రనోమూ చూసింది.

ఫుయాంగ్ అవ్వ కర్రమీద బరువేసి పళ్లెం మీదికి వంగింది. "జీడిపప్పు పడుతుందా దానికి?" అని అడిగింది.

"పడుతుంది," అంది ప్రనోమ్.

"అయితే ఇక్కడ, ముందు వరసలో పెట్టు. కొత్తగా పోయినవాళ్లకి దారి తెలీదు, దగ్గరగా కనపడాలి. కూర్చోండి, కూర్చోండి, భిక్షువులు వస్తున్నారు."

భిక్షువులు వచ్చారు, పళ్లేలు అందుకున్నారు, మంత్రం మొదలైంది. అందరూ చిన్న చెంబులు తీసి, పోయినవాళ్ల పేరు తలుచుకుంటూ గిన్నెల్లోకి సన్నధారగా నీళ్లు వదలసాగారు. ఒకరు వదులుతుంటే, ఆ పుణ్యంలో తామూ ఒక చెయ్యి వెయ్యాలనుకున్నవాళ్లు వాళ్ల మోచెయ్యి పట్టుకుంటారు, వాళ్ల మోచెయ్యి ఇంకొకరు పట్టుకుంటారు. శాలంతా అలా గొలుసులు గొలుసులుగా ఉంది. సాయ్‌ఫిన్ ఒక్కతే కూర్చుని, 'బుప్ఫా పిన్నికి' అని చెంబు వంచింది.

పక్కన చాప కిరకిరలాడింది. ప్రనోమ్ వచ్చి కూర్చుంది, తన చెంబు తెచ్చుకోలేదు. చెయ్యి సగం చాపి ఆగిపోయింది. జీవితంలో ఎవరినీ ఏదీ అడిగి ఎరగని మనిషి.

"పట్టుకోనా?" అంది.

సాయ్‌ఫిన్ తల తిప్పలేదు. కోపం గొంతుదాకా ఉంది, అది ఈ ఏడాదికి తగ్గేది కాదని ఆమెకి తెలుసు. ధార సన్నగా, ఇంకా సన్నగా పడుతోంది.

"నీళ్లు అయిపోతున్నాయి," అంది. "పట్టుకో."